కమాను కింద మా అవ్వ

పోయిన నెల మా మనవరాలి పెళ్ళి ఎల్లారెడ్డి దగ్గర మా ఊరి చర్చిలో జరిగింది. ఫొటోలు తీసే అబ్బాయి జంటను గుమ్మం పైని రాతి కమాను కింద నిలబెడుతుంటే, నేను పెళ్ళికూతురును మరిచిపోయి ఆ రాళ్ళనే చూస్తూ ఉండిపోయాను.

నేను బడికి పోయే రోజుల్లో, ఎడతెగని ముసురుకు ఆ కమాను కూలింది. మందపాటి రాతిగోడలు, ఎండాకాలంలోనూ లోపల చల్లగా ఉంచే ఎత్తయిన పెంకుల కప్పు, మంజీర ఇసుకతో కట్టిన గంట గోపురం చెక్కుచెదరలేదు. అయినా పెద్దలు భయపడి, మొత్తం పడగొట్టి రేకుల షెడ్డు వేద్దామన్నారు. మా అవ్వ, అంటే కన్నతల్లి, కూలి చేసుకునే మనిషి, పదిమందిలో ఎన్నడూ నోరు విప్పనిది, ఆనాడు లేచి నిలబడింది.

"మా తాతలు బండ్ల మీద తెచ్చిన రాళ్ళివి. కూలింది గుమ్మమొక్కటే. మల్ల ఎక్కిద్దాం."

భిక్నూర్‌లో తాపీపని చేసే మా మేనమామను పిలిపించారు. సున్నం గానుగ తిప్పడానికి పటేలు గారింటి నుంచి ఎద్దుల జత వచ్చింది. ఆడవాళ్ళు బెల్లం నీళ్ళు, కరక్కాయ రసం పోస్తుంటే సున్నం వెన్నలా నలిగేది. ఇనుము ముక్క లేకుండా, రాయికి రాయి ఒరిగి, నడినెత్తిన ఒక్క రాయి బిగిసి, అంత బరువూ గాలిలో నిలబడడం ఎంత చూసినా తనివి తీరేది కాదు.

కమాను బిగిసేదాకా కింద నిలిపిన ఆసరా కట్టెలు తీసే రోజు అందరూ దూరం జరిగారు. కట్టిన మామకే గుబులు. అవ్వ పోయి సరిగ్గా కమాను కింద కూచుంది.

"జరుగక్కా, మీద పడితే పానం పోతది," అన్నాడు మామ.

"నువ్వు కట్టినవ్ కద తమ్మీ. గుంజు."

మామ ఒక్కొక్క కట్టె లాగాడు. అవ్వ తల మీద కాస్త సున్నపు పొడి రాలింది, అంతే. చర్చి ఉన్న మా వాడకు ఏనాడూ రాని పటేలు గారి భార్య, జనంలోంచి నడిచి వచ్చి, తన కొంగుతో అవ్వ జుట్టు తుడిచింది.

ఇప్పుడు చర్చికి రంగు వేయాలన్నా, పగులు పూడ్చాలన్నా కామారెడ్డి నుంచి పనివాళ్ళు మోటారు బండ్ల మీద వచ్చి, సాయంత్రానికల్లా ముగించుకుని పోతారు. పని చక్కగానే చేస్తారు. కాకపోతే, అది చూడ్డానికి ఇండ్లలోంచి ఎవరూ బయటికి రారు.