మోచేతి చప్పుడు

వృద్ధాశ్రమంలో అందరూ ఆమెను మోచేతి అక్క అంటారు. చేతుల్లో ఎప్పుడూ పళ్లెమో, ఉతికిన దుప్పట్లో ఉంటాయి కాబట్టి, ఏ గది తలుపైనా మోచేత్తోనే కొడుతుంది. ఊడ్చే పనిలో చేరిన మనిషి. రోగుల సేవకు పెట్టే పరీక్ష రెండుసార్లు తప్పి, "మునిగాక చలేమిటి!" అంటూ మళ్లీ కూర్చుని గట్టెక్కింది. నిన్న సాయంత్రం మంచం దిగగలిగిన వాళ్లందరూ కింద హాల్లో చేరి, ఆమెను పై అంతస్తుకు ఇన్‌చార్జిని చేశారని తెలిసి చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు ఆగకముందే ఆమె ఖాళీ గ్లాసులు ఏరడం మొదలుపెట్టింది. వంటామె వాటిని లాక్కుని, "ఇవాళైనా కుదురుగా కూర్చోవే తల్లీ!" అని కసిరింది.

ఈ ఉదయం మెడలో కొత్త కార్డు, రెండు చేతులూ ఖాళీ. అయినా పై అంతస్తులో చివరి గది తలుపును మోచేత్తోనే కొట్టింది. లోపల మంచం మీద చూపు లేని తాత, "నువ్వేగా, రా అమ్మా," అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "ఎవరో కొత్త ఇన్‌చార్జి వస్తోందట. నిన్ను ఇటు రానిస్తుందో లేదో!" అన్నాడు దిగులుగా.

వంగితే అడ్డొస్తున్న కార్డును ఆమె వీపు మీదికి తోసేసి, ఆయన దుప్పటి సరిచేసింది.

"ఆవిడ సంగతి నేను చూసుకుంటాలే తాతా."