సోమాలమ్మ పుంజుకు రాత్రి లేకుండా చేసిన వైనం

ఒక ఊరు ఊరంతా, పంట ఇంటికొచ్చాక కూడా, కొత్త సామల అన్నం ముట్టకుండా మూడు రోజులు ఆగిపోయింది. వాన వల్ల కాదు, తెగులు వల్ల కాదు, దేవత కోపం వల్ల అసలే కాదు. బయాలజీలో డిగ్రీ పాసై అనకాపల్లి నుంచి కొండెక్కిన ఒక మేధావి వల్ల. ఆ మేధావిని నేనే. జరిగిన ఘోరం మొత్తం చెబుతాను గానీ, మధ్యలో జాలిపడితే మాత్రం ఒప్పుకోను. అప్పటి ఆ పిల్ల జాలికి తగింది కాదు.

ఎనిమిదేళ్ల కిందటి మాట. పెదబయలు దగ్గర ఊళ్లలో పెరటి కోళ్ల పెంపకం నేర్పమని ఒక సంస్థ నన్ను పంపింది. ఎవరికి నేర్పాలి? పుట్టినప్పటి నుంచి కోళ్లతో బతికిన మనుషులకి. ఎవరు నేర్పాలి? అప్పటిదాకా కోడిని కూరలో తప్ప దగ్గరగా చూడని నేను. మెడలో ఐడీ కార్డు, చేతిలో ట్యాబ్, ముఖంలో ఈ కొండల్ని ఉద్ధరించడానికే పుట్టానన్న ధీమా. ఆనాటి ఫొటో ఒకటి ఇప్పటికీ ఉంది. చూసినప్పుడల్లా రెండు పీకాలనిపిస్తుంది.

నేను దిగింది సోమాలమ్మ ఇంట్లో. అరవై దాటిన ఒంటరి మనిషి. ఆమెకున్నవి ఆరు పెట్టలు, ఒక ఎర్ర పుంజు. ఆ పుంజు సంగతి నేను వచ్చిన రోజే చెప్పింది. అక్కడ కొత్త పంట ముందు దేవతకు పెట్టాలి, తర్వాతే మనుషులు తినాలి. ఆ పూజలో దిసారి, అంటే ముహూర్తాలు చూసి పూజ చేసే పెద్దాయన, దేవతకిచ్చే పుంజు ముందు గుప్పెడు బియ్యం పోస్తాడు. పుంజు తనంతట తాను ఆ గింజలు తింటే దేవత ఒప్పుకున్నట్టు. తినకపోతే పుంజునిచ్చిన ఇంట్లో ఏదో దోషం ఉన్నట్టు. ఆ ఏడు పుంజునిచ్చే వంతు సోమాలమ్మది. ఇంత ముఖ్యమైన విషయం ఆమె చెబుతుంటే నేను ట్యాబ్‌లోంచి తల ఎత్తకుండా “ఓకే మామ్మా” అన్నాను.

ట్యాబ్‌లో నేను చదువుతున్నది సంస్థవాళ్లు ఇచ్చిన పుస్తకం. పగలు పొడుగ్గా ఉంటే పెట్టలు ఎక్కువ గుడ్లు పెడతాయని, వెలుగు ఎంతసేపుందో కోడి మెదడు కనిపెట్టుకుంటూ ఉంటుందని మొదటి పేజీలో ఉంది. ఆ వెలుగు మెల్లమెల్లగా పెంచాలని, రోజూ కొన్ని గంటల కటిక చీకటి ఇచ్చి తీరాలని రెండో పేజీలో ఉంది. నాలాంటి వాళ్లకు రెండో పేజీ ఎందుకండీ? మొదటి పేజీకే పూనకం వచ్చేసింది. సోలార్ లైటు ఒకటి తెచ్చి కోళ్ల గూట్లో కట్టాను.

“ఏటే గుంటా, ఏటి సేత్తన్నావు?” అంది సోమాలమ్మ.

“లైటు పెడుతున్నా మామ్మా. రాత్రంతా వెలుగుతుంది. గుడ్లు బాగా పెడతాయి.”

“కోడికి లైటేటే? పరీచ్చలకి సదువుద్దా?”

“ఇది సైన్సు మామ్మా. నీకు అర్థం కాదు.”

ఆ చివరి మాట నిజంగానే అన్నాను. కావాలంటే ఇక్కడ కాసేపు ఆగి నన్ను తిట్టుకోండి, నేను ఉంటాను.

మొదటి వారం రెండు గుడ్లు ఎక్కువొచ్చాయి. వాటిని నాలుగు వైపుల నుంచీ ఫొటోలు తీసి ఆఫీసు గ్రూపులో పెట్టాను. ఆ గుడ్లు నేనే పెట్టినంత గర్వం. మూడో వారానికి పుంజు లెక్క తప్పింది. రాత్రి అనేది లేకుండా పోయాక ఎప్పుడు కూయాలో దానికి మాత్రం ఎలా తెలుస్తుంది? మధ్యాహ్నం కూసేది, అన్నాలప్పుడు కూసేది, ఎవరైనా దగ్గితే కూసేది. ఒక పొద్దున ఆ వీధి ఆడవాళ్లిద్దరు ముసుగులతో వణుక్కుంటూ వచ్చారు.

“నీ పుంజు కూసిందని కాపీ తోటలో కలుపుకి ఎల్నామప్పా. ఎంతకీ తెల్లారదు! మంచులో కూకుని కూకుని నడుములు పట్టేసినాయి.”

సోమాలమ్మ నా వైపు తిరిగింది. “కొత్త పంట పండగ నాలుగు రోజులుంది. ఆ లైటు బేగి తీసీవే గుంటా.”

తీసేస్తే అయిపోయేది. కానీ నెలాఖరు రిపోర్టులో గుడ్లు తగ్గిపోవూ? అప్పుడు నా బుర్రకు ఒక బ్రహ్మాండమైన ఆలోచన వచ్చింది. వెలుగు కావాల్సింది పెట్టలకి, చీకటి కావాల్సింది పుంజుకి. పుంజు ఒక్కదానికే కళ్లకు గంతలు కడితే సరి! నా నల్ల సాక్సు కత్తిరించి దాని కళ్ల మీదుగా కట్టాను. నెత్తి, ముక్కు బయటే ఉన్నాయి.

“ఓలమ్మో! నా పుంజుకి ఇదేటే?”

“కళ్లు మూస్తే దానికి రాత్రే మామ్మా.”

“పేనం ఉన్నదానికి మేజోడు తొడిగినావేటే!”

రెండు రోజులు సాయంత్రం కట్టడం, పొద్దున విప్పడం. అయినా పుంజు కూతలో మార్పు లేదు. ఎందుకు లేదో తెలుసుకుందామన్న బుద్ధి పండగ ముందు రోజు సాయంత్రానికి గానీ పుట్టలేదు. అప్పుడు తెరిచాను రెండో పేజీ. పిట్టలు వెలుగును కళ్లతోనే కాదు, తలతోనూ పసిగడతాయట. వాటి పుర్రె ఎముక పలచన, వెలుగు అందులోంచి నేరుగా మెదడుకు చేరుతుందట. అంటే నేను కిటికీ మూసి ఇంటి పైకప్పు తీసేశానన్నమాట. లైటు అప్పుడు పీకాను.

పండగ రోజు ఊరంతా చేరింది. దిసారి పుంజు ముందు బియ్యం పోశాడు. పుంజు గింజల వైపు చూసింది, ఒంటికాలి మీద నిలబడింది, కళ్లు మూసుకుంది. అదిలించారు. కళ్లు తెరిచి, మళ్లీ మూసింది. డప్పు కొట్టారు. ఇంకాస్త సుఖంగా మెడ లోపలికి లాక్కుంది.

“ఆ ఇంట్లో ఏటో దోసం ఉంది,” అన్నారెవరో.

సోమాలమ్మ నా వైపు ఒక్కసారి చూసి తల దించుకుంది. నా పేరు చెప్పలేదు. మరి నేనేం చేశాను? లేచి నిజం చెప్పానా? నెట్‌వర్కు లేని చోట ట్యాబ్ తెరిచి ఏదో పనున్నట్టు వేలితో గీకుతూ కూర్చున్నాను. మీరు తిట్టడానికి ఇందాకటి చోటు కన్నా ఇదే మంచి చోటు.

“ఇకమీద ఆయమ్మకి వంతు ఒద్దు,” అన్నాడు ఇంకొకాయన.

ఇరవై ఏళ్లుగా ఒంటరిగా ఉంటూ ఊరితో పాటు తలెత్తుకు తిరిగిన మనిషి కళ్లలో నీళ్లు తిరిగాయి. అప్పటికి నాకు సిగ్గేసింది. లేచి నిలబడి మొత్తం చెప్పేశాను: లైటు, సాక్సు, పుర్రె ఎముక, మెదడు, అన్నీ.

దిసారి ఓపిగ్గా విన్నాడు. “అయితే ఈ పుంజుకిప్పుడు రాత్రంటావు?”

“అయ్యుండొచ్చు తాతా.”

“మరెప్పుడు తెల్లారుద్ది?”

“తెలీదు.”

“సదువుకున్నావు కదేటి?”

ఊరంతా గొల్లుమంది. నవ్వులు తగ్గాక దిసారి తీర్పు చెప్పాడు. సోమాలమ్మ ఇంట్లో దోషం లేదు, ఉన్నదల్లా వచ్చిన మేడంలోనే. మళ్లీ మంచి రోజు మూడో నాడు. అప్పటిదాకా పొద్దు గూకగానే పుంజును గంప కింద పెట్టి పైన గొంగడి కప్పడం, పొద్దు పొడవగానే తీయడం నా పని. ఊరు ఆ మూడు రోజులూ రేషను డిపో బియ్యమే తింది. దారిన పోయేవాళ్లంతా నన్ను పలకరించారు. “ఏటి మేడం, సూరీడికి సెలవిచ్చినావా?”

మూడో నాడు తెల్లారేసరికి పుంజు చక్కగా కూసింది. పూజలో దిసారి చెయ్యి వెనక్కి తీయకముందే గింజలన్నీ టకటకా తినేసింది. దానికి మూడు మంచి రాత్రులిచ్చి చివరికి సాగనంపానన్న బాధతో నా గుండె బరువెక్కింది. ఆ బాధలోనే కూర రెండుసార్లు వేయించుకున్నాను.

కొత్త సామల అన్నం నా ఆకులో వడ్డిస్తూ సోమాలమ్మ అందరి ముందూ అడిగింది. “కోడి పుర్రె పలచన, ఎలుగు మెదడుకి ఎల్లిపోద్దన్నావు. నీ పుర్రె ఎంత మందవే గుంటా, మూడు వారాలు పట్టింది?”

కాబట్టి పాఠకుల సాక్షిగా కుడిచేయి పైకెత్తి ప్రమాణం చేస్తున్నాను. కోడికి గానీ, కాకికి గానీ, మనిషికి గానీ ఎప్పుడు తెల్లారాలో ఈ జన్మలో నేను చెప్పను. ఆదివారం మా ఆయన పదింటిదాకా పడుకున్నా కర్టెన్ తీయను. ఆ ఉద్యోగం సూర్యుడు చేసుకుంటున్నాడు, అక్కడ ఖాళీలు లేవు.