హారిక రాసిన పుస్తక సమీక్ష

పదో తరగతికి ఇంటర్నల్ మార్కులు ఉన్న ఆఖరి ఏళ్ళలో, ఒక ఫిబ్రవరిలో, నన్ను మోడరేషన్ కమిటీలో వేశారు. అప్పటికి నేను కోనసీమలో ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో తెలుగు స్కూల్ అసిస్టెంటుని. వందలో ఇరవై మార్కులు బడివాళ్ళే వేసేవారు. కమిటీ అంటే ఒక హెడ్మాస్టరు, ఒక భాషా టీచరు, లెక్కలో సైన్సో చెప్పే టీచరు మరొకరు. మేము ప్రైవేటు బడులకు వెళ్ళి, పిల్లల నోటు పుస్తకాలు చూసి, వేసిన మార్కులకు ఆధారం ఉందో లేదో తేల్చాలి. లేకపోతే తగ్గించవచ్చు. తగ్గించిన కమిటీని మాత్రం నేనెన్నడూ చూడలేదు.

మా వంతుకు రాజమండ్రి శివార్లలో ఒక రెసిడెన్షియల్ స్కూలు వచ్చింది. సూర్యారావు గారనే హెడ్మాస్టరు మా కమిటీకి పెద్ద. ప్రిన్సిపాల్ మమ్మల్ని తన ఏసీ గదిలో కూర్చోబెట్టి, జీడిపప్పు పెట్టించి, నోటు పుస్తకాల కట్టలు తెప్పించాడు. తెలుగులో పుస్తక సమీక్షకు కొన్ని మార్కులుంటాయి. ఉపవాచకంలో కథ చదివి, తనకేమనిపించిందో పిల్ల సొంతంగా రాయాలి. నేను ఏ పుస్తకం తెరిచినా ఒకటే సమీక్ష. ఈ కథ నాలో కష్టపడే తత్వాన్ని పెంచిందని అందరికీ ఒకే చోట అనిపించింది! బోర్డు మీద రాసి ఎక్కించారన్నమాట. అందరికీ పూర్తి మార్కులు.

ఒక్క అమ్మాయికే సగం వేశారు. పేరు హారిక, జంగారెడ్డిగూడెం పిల్ల. కథ అందరూ చదివిందే. పేదింటి కుర్రాడు వీధి దీపం కింద చదివి కలెక్టరవుతాడు. ఆ కుర్రాడు కథ మొత్తంలో ఒక్కసారీ నవ్వలేదనీ, కలెక్టరయ్యాకయినా నవ్వాడేమోనని మళ్ళీ మొదటినుంచి చదివాననీ ఈ పిల్ల రాసింది. కథ చదివితే ధైర్యం వస్తుందన్నారుగాని తనకు భయం వేసిందట. తమ సెక్షన్లో స్టడీ అవర్‌లో నవ్వితే బయట నిలబెడతారని రాసి ముగించింది.

నా సర్వీసులో ఉపవాచకాన్ని అలా చదివిన పిల్ల తగల్లేదు. నాకు పట్టలేనంత సంతోషం కలిగింది. హారికకు పూర్తి మార్కులు వేసి, మిగిలినవాళ్ళకు తగ్గించాలన్నాను.

సూర్యారావు గారు చల్లగా అన్నారు: "అంతమంది పిల్లల నోట్లో మట్టి కొడతామా మేస్టారూ? ఎక్కించింది టీచరు గాని పిల్లలు కాదు కదండీ."

కనీసం ఆ పిల్లను పిలిపించండి, బాగుందని చెబుతాను, అన్నాను.

హారిక వచ్చింది. కళ్ళ కింద నలుపు, చేతిలో పెన్ను. నేను నోరు తెరవకముందే ప్రిన్సిపాల్ వైపు చూసి, "సారీ అండి. తెలియక రాశానండి. మళ్ళీ రాసిచ్చేస్తానండి" అంది.

"తప్పేం రాయలేదమ్మా. చాలా బాగుంది" అన్నాను.

"బాగుందనకండి సార్" అని ఏడ్చేసింది. "నన్ను టాపర్స్ సెక్షన్లోంచి తీసేస్తారండి. మా నాన్నగారికి ఫోన్ చేస్తారండి."

ప్రిన్సిపాల్ కాదనలేదు. ఈ మధ్య అమ్మాయి కొంచెం డిస్టర్బ్ అయిందండి అని మాకు సర్దిచెప్పాడు. పక్క పిల్ల పుస్తకం ఆమె ముందు పెట్టించాడు. నేను వద్దంటూనే ఉన్నాను. హారిక బల్ల చివర నిలబడి, కళ్ళు తుడుచుకుని, ముత్యాల్లాంటి అక్షరాలతో అందరి సమీక్షనే ఎక్కించుకుంది. పాత పేజీ చింపమని ఎవరూ చెప్పలేదు. తనే చింపింది. ఆ కాగితం నాకిమ్మని అడిగాను. ఇవ్వలేదు. పిడికిట్లో నలిపేసుకుని, థాంక్యూ సార్ అని మా అందరికీ చెప్పి వెళ్ళిపోయింది.

సగాన్ని కొట్టేసి పూర్తి మార్కులు వేశారు. సూర్యారావు గారూ, సైన్సు మేస్టారూ సంతకం చేశారు. నేను చెయ్యలేదు. ఎందుకు చెయ్యలేదో రిపోర్టు అడుగున రాసి, జిల్లా విద్యాశాఖాధికారి ఆఫీసుకు పంపాను. ముగ్గురిలో ఇద్దరు సంతకం చేస్తే చాలట. నన్నెవరూ ఏమీ అడగలేదు. మరుసటి ఏడాది కమిటీలో వెయ్యలేదు.

పిల్ల చదువు ఎక్కడో దెబ్బతింటే మార్కులు తగ్గుతాయనీ, అది చూసి మేము కనిపెడతామనీ ఉద్యోగంలో చేరిన కొత్తలో మాకు నేర్పారు. అది అబద్ధం. ఆ పిల్ల సొంతంగా ఆలోచించడం నా కళ్ళెదుటే మానేసింది. ఆ రోజు ఆ బడిలో మార్కులు పెరిగింది ఆమెకొక్కదానికే.