బ్యారెన్ అనే మాట కోసం గుత్తి దాకా

సాయంత్రం అయిదు గంటలకు రాయదుర్గంలో ఓబులమ్మ సంతకం పెట్టాలి. అంతలోపల నేను గుత్తికి పోయి, ఒక ఇంగ్లీషు మాటకు అర్థం కనుక్కొని తిరిగి రావాలి. ఒక్క మాటకు అంత దూరమా అనొచ్చు మీరు. తప్పు నాది కాబట్టి దూరం కూడా నాదే.

మా ఊళ్ళో ఎవరికి ఇంగ్లీషు కాగితం వచ్చినా పాలకేంద్రం మెట్ల మీద కూర్చొని చదివిపెట్టేది నేనే. ముప్పై ఏళ్ళు హైస్కూల్లో ఇంగ్లీషుతోనే గడిపినవాణ్ణి. అంటే, ఇంగ్లీషు క్లాసు బయట బెల్లు కొట్టినవాణ్ణి. కిటికీలోంచి చెవిన పడ్డదే నా చదువు. అక్షరాలు కూడబలుక్కుంటాను. అర్థం తెలియనిచోట ఆగితే పరువు పోతుందని, తోచింది చెప్పి ముందుకు నడుస్తాను. ఊరు నన్ను అయ్యవారూ అంటుంది. నేనెప్పుడూ కాదనలేదు.

మొన్న ఓబులమ్మ కౌలు కాగితం తెచ్చింది. సోలార్ పలకలు పెట్టేవాళ్ళు ఆమె నాలుగెకరాలు అడిగారు. అందులో భూమి వివరం దగ్గర 'బ్యారెన్' అని ఉంది. "అంటే ఏమి అయ్యవారూ?" అంది. సోలార్ కదా అని, తడుముకోకుండా, "ఎండ బాగా తగిలే భూమి అని. నీ చేనును పొగిడినారు" అన్నాను. మురిసిపోయింది. మరునాడు పక్క చేను వాళ్ళ కాగితం నా దగ్గరికే వచ్చింది. అందులో ఆ మాట లేదు, కౌలు మాత్రం ఎక్కువ ఉంది. ఎండ ఇద్దరికీ ఒక్కటే కదా. ఆ మాటను ఒక చీటీ మీద రాసుకొని జేబులో పెట్టుకున్నాను.

పొద్దున ఆరింటికి షేర్ ఆటోలో రాయదుర్గం చేరాను, ముప్పై రూపాయలు. ఏడింటికి ఉరవకొండ బస్సు దొరికింది, టికెట్టు అరవై. కిటికీ పక్క సీటు పట్టుకున్నాను. పక్కన ఒకామె జీన్స్ ప్యాంట్ల మూటతో ఎక్కింది. రంజాన్‌బీ అట, ఇంట్లోనే కుట్టి ఉరవకొండ దుకాణాలకు వేస్తుంది.

"తాతా, రవ్వంత జరుగు, మూట పెట్టుకోవల్ల. యాడికి పోతాండావు?"

"గుత్తిలో ఇంగ్లీషు మీటింగు ఉండాది. నేనే మాట్లాడల్ల."

ఆమె కళ్ళు పెద్దవయ్యాయి. నాలుగు మైళ్ళు ఆ గొప్ప అనుభవించి, తర్వాత మెల్లగా జేబులోని చీటీ చూపించాను. ఫోనులో కొట్టి చదివింది. "'గొడ్డు, బంజరు' అని ఉండాది తాతా. మీటింగులో మాట్లాడేటోళ్ళకు ఇది గూడా తెల్దా?"

ఇంక మీటింగు లేదని ఒప్పుకున్నాను. "అయితే దిగి వెనక్కి పో. పనైపాయ కదా" అంది. అయిపోలేదు. ఆ మాట కొట్టేస్తే అక్కడ ఏ మాట రాయమనాలి? రెండేళ్ళుగా ఓబులమ్మ చేనులో నాగలి దిగలేదు, అది నిజమే. దాన్ని ఇంగ్లీషులో ఏమంటారో ఫోను చెప్పలేదు. మేరీ టీచరమ్మ చెబుతుంది. మా బడిలో ఇంగ్లీషు చెప్పి, రిటైరై, గుత్తిలో ఉంటోంది. ఆమె ఫోను నంబరు నా దగ్గర లేదు.

ఉరవకొండలో ఎనిమిదిన్నరకు దిగి ఉగ్గాని, బజ్జీ చెప్పాను, నలభై రూపాయలు. సగంలో గుత్తి బస్సు హారను వినిపించింది. ఉగ్గాని వదిలేసి, బజ్జీలు జేబులో వేసుకొని ఎక్కేశాను. గుంతకల్లు మీదుగా పదకొండుకు గుత్తి. చూడవలసినది కోట. కొండ కొన దాకా ఎక్కి చూశాను. సరే, కింది వాకిలి దాకానే. టీచరమ్మ ఇల్లు ఆ దారిలోనే ఉంది.

"ఏమప్పా హనుమంతప్పా, ఈడికొచ్చినావు? బెల్లు యాడ పెట్టినావు?" అంది తలుపు తీస్తూనే. మనవరాలి చదువు కోసం ఒక మాట కావాలన్నాను. కళ్ళద్దాల పైనుంచి చూసింది. నిజం చెప్పేశాను.

"ఆ చేన్లో ఆఖరున ఏం పెట్టినారు?"

"మూడేండ్ల కింద చెనిక్కాయ. బాగా కాసింది టీచరమ్మా. ఆ తర్వాత వానల్లేక విత్తనమే వేయలే."

"అయితే అది బ్యారెన్ కాదు. దున్నినా, తడిపినా, ఎరువేసినా ఏమీ రానిది బ్యారెన్. పండే భూమిని కొన్నాళ్ళు పడుకోబెట్టినావనుకో, అది ఫ్యాలో. లేపితే లేస్తాది." పలక లాంటి అట్ట మీద రెండు మాటలూ రాసింది. "అర్థం తెలిస్తే సరిపోదు. వాడి చూపించు."

"గుత్తి కొండ బండ ఈజ్ బ్యారెన్. ఓబులమ్మ చేను ఈజ్ ఫ్యాలో."

"ఇంకొకటి."

"నా తల ఈజ్ బ్యారెన్."

"జుట్టుకు ఆ మాట వాడరప్పా. బుర్రకు వాడొచ్చు గానీ, నీది ఫ్యాలో" అని నవ్వి, సంగటి, చట్నీ పెట్టింది. ఫ్యాలో అని ఇరవైసార్లు రాయించాకే ఒంటిగంటకు వదిలింది.

గుంతకల్లులో రైలు గేటు అరగంట తినేసింది. ఉరవకొండ చేరేసరికి మూడున్నర. రాయదుర్గం బస్సు వెళ్ళిపోయింది, ఇంకోటి అయిదుకట. పరుగెత్తి ఒక టమాటా బండిని ఆపాను. పరుగు మాట అబద్ధం. రోడ్డుకు అడ్డంగా నిలబడ్డాను. డ్రైవరు తిట్టిన తిట్లు రాయను, ఎక్కించుకున్నాడు కాబట్టి. అయిదుకు పది నిమిషాల ముందు జిరాక్సు అంగడి మీది గదిలోకి మెట్లెక్కాను. ఓబులమ్మ చేతిలో పెన్ను ఉంది.

"ఓబులమ్మా, నిలుపు. నేను చెప్పింది తప్పు. ఆ మాటకు అర్థం గొడ్డు భూమి అని."

"ఎండ తగిలేదంటివే?"

"నాకు తెల్దు. తెల్దని చెప్పేకి నామోషీ అయ్యి, నోటికొచ్చింది చెప్పినా." టీచరమ్మ అట్ట చూపించి, ఫ్యాలో అంటే ఏమిటో చెప్పాను.

సోలార్ వాళ్ళ తరఫున కాగితాలు తెచ్చినాయన తల గోక్కున్నాడు. "ఏదైతే ఏముందమ్మా? ఇప్పుడు గడ్డి గూడా లేదు కదా ఆడ."

ఓబులమ్మ పెన్ను బల్ల మీద పెట్టింది. "మూడేండ్ల కింద ఆ చేన్లోనే ముప్పై మూటలు కాయ ఒలిచినా. గొడ్డుదని నా చేత్తో నేను రాసియ్యను. ఈయప్ప చెప్పిన మాట రాసుకొని రా. అప్పుడు పెడతా."

"పైవాళ్ళు ఒప్పుకోకుంటే కౌలే రాదు మల్ల."

"రాకుంటే పోనీ. వానొస్తే విత్తుకుంటా."

ఆరింటి బస్సులో ఊరికి బయలుదేరాం. ఆడవాళ్ళకు ఉచితం కాబట్టి ఆమెకు టికెట్టు లేదు, నాకు ఇరవై అయిదు. గుత్తికి పోదలచినవాళ్ళకు నేను చెప్పగలిగింది ఇదే: తిండి బాగుంటుంది, గుంతకల్లు గేటుకు అరగంట కలుపుకోండి, కొండ తీరిగ్గా ఎక్కండి. నడుము విరిగింది గానీ, ఇంత తేలిగ్గా ఎప్పుడూ ఇంటికి పోలేదు. అట్లా అనుకుంటూ ఉండగా ఓబులమ్మ నా వైపు తిరిగింది.

"అయ్యవారూ, ఊళ్ళో కాగితాలన్నీ నువ్వే చదివితివి. ఇట్ల నోటికొచ్చినట్ల చెప్పినేవి ఇంకా ఎన్ని ఉండాయి?"

"ఒకటో రెండో."

ఆమె చూపు తిప్పలేదు. బస్సు రెండు ఊళ్ళు దాటింది.

"పదకొండు" అన్నాను.

ఆమె సంచి ఒళ్ళోకి తీసుకొని సర్దుకు కూర్చుంది. "ఊరొచ్చేకి ఇంకా టైముండాది. ఎవురింటికి ముందు పోవల్లో, మొదటిది చెప్పు."