తప్పు నీళ్లది కాదన్న సారు

నిన్న పొద్దున సారు కూతురు ఫోన్ చేసింది. “అక్కా, నాయన పోయినాడు” అంది. ఇంకేమీ అనలేక పెట్టేసింది. అనంతపురంలో నా చేత పీహెచ్‌డీ చేయించిన కెమిస్ట్రీ సారు ఆయన. అప్పటి నుంచీ నా మనసు మనసులో లేదు.

సారుది ముదిగుబ్బ వైపు వేరుశనగ పండించే కుటుంబం. నీళ్లలో కరిగి ఉన్న లోహాలను నూనెలాంటి ద్రావకంలోకి లాగి విడదీయడం ఆయన పని. గాజు గరాటులో కింద నీళ్లు, పైన ద్రావకం. రెండింటి మధ్య ఉండే పలుచని హద్దును ఆయన గట్టు అనేవారు. “సేనుకాడైనా ఈడైనా తగువంతా గట్టుకాడేనమ్మా. ఆడ చూడు” అనేవారు. గరాటును ఎవరైనా గట్టిగా ఊపితే ఆయనకు ఎక్కడలేని కోపం వచ్చేది.

గట్టు మీద ధనావేశం ఉంటే, ధనావేశమే ఉన్న లోహపు అయాన్లు దాని దగ్గరకు రావన్నది సారు సిద్ధాంతం. ఆయనకు పేరు తెచ్చింది అదే. నా ప్రయోగంలో మాత్రం అవి నిక్షేపంగా వచ్చి కూర్చున్నాయి. అవి రెండువేల సంవత్సరం తర్వాత వచ్చిన కరువేళ్లు. మా దగ్గర పప్పు ఉడక్కపోయినా, జుట్టు రాలినా బోరు నీళ్లనే తిడతాం. సారూ అంతే. “బోరు ఉప్పు యాడో కలిసింటాది. మళ్లా చెయ్” అన్నారు. ఎన్నిసార్లు చేసినా అదే ఫలితం. ఏడాది గడిచిపోయింది. చదువు మధ్యలోనే ఆగిపోతుందని హాస్టల్లో ఏడ్చేదాన్ని. ఆయన మీద ఒళ్లు మండేది కూడా.

చివరికి వాన పడింది. సారు డాబా మీద స్టీలు బిందెలు పెట్టి వాన నీళ్లు పట్టారు. వాటిని తనే డిస్టిల్ చేసి, గాజు సామాను తనే కడిగి, నన్ను ముట్టుకోనివ్వకుండా ప్రయోగం చేశారు. అదే ఫలితం. ముందు ఋణావేశ అయాన్లు గట్టు దగ్గర మూగుతున్నాయి, వాటిని పట్టుకుని లోహం వచ్చేస్తోంది. సారు గరాటు కడిగి బోర్లించారు. ఆ తర్వాత “పామ్మా, టీ తాగుదాం” అన్నారు.

నా వైవాలో, బయటి నుంచి వచ్చిన పరీక్షకుడు అడిగాడు, ఇది మీ గైడు రాసినదానికి విరుద్ధం కదా అని. పక్కనున్న సారు లేచి నిలబడ్డారు.

“తప్పు నీళ్లది కాదు, ఈ పిల్లదీ కాదు. నాది.”

నాకు పట్టా వచ్చింది. ఆయన దగ్గర మాత్రం ఆ తర్వాత ఎవరూ పరిశోధనకు చేరలేదు. తోటి అధ్యాపకులు ఆయన గదికి టీకి రావడం కూడా మానేశారు.

పోయిన నెల సారును చూడటానికి ఆసుపత్రికి వెళ్లాను. “కాలేజీలో పిల్లోళ్లకు మన పని చెప్తాండావా?” అని అడిగారు.

“చెప్తాండా సార్.”

“నా తప్పు గూడా?”

“మా సారు ఒకాయన అట్లనుకున్నాడని చెప్తా సార్.”

“ఒకాయనేందమ్మా? పేరు పెట్టి చెప్పల్ల.”

నిన్న ఫోన్ వచ్చాక కూడా క్లాసుకు వెళ్లాను. బోర్డు మీద గట్టు గీశాను. అయాన్ల గుర్తులు పెట్టాను. లోహం ఇక్కడికి రాదని మొదట పొరబడింది ఎవరో చెప్పబోయాను. “మా సారు ఒకాయన” అని, ఆగాను. రాసుకోవడానికి పెన్నులు పట్టుకుని, పిల్లలంతా నా నోటి వంకే చూస్తున్నారు.