చీర రంగా, ఆయన మొహమా?

ఈ రోజు టెక్సస్‌లోని ప్లేనోలో ఒక ప్రింటింగ్ ప్రెస్ పార్కింగ్ లాట్‌లో నవ్వీ నవ్వీ నాకు కళ్లలో నీళ్లొచ్చాయి.

మా తెలుగు సంఘం ఉగాది సావనీర్‌కి నేను సంపాదకుణ్ణి. కవర్ మీద మా అధ్యక్షుడు మురళి గారు, ఆయన భార్య రాజేశ్వరి గారు దీపం వెలిగిస్తున్న ఫోటో. ఆవిడ కట్టుకున్న రాణి రంగు చీర మంగళగిరిలో సొంత తమ్ముడు నేసింది. స్క్రీన్ మీద మెరిసిన ఆ రంగు ప్రింట్‌కి మార్చగానే చప్పబడింది. అందుకని ప్రెస్‌వాళ్లు ఇంకో కలర్ ప్రొఫైల్‌తో, అంటే వేరే రంగుల లెక్కతో కూడా మార్చి, రెండు ప్రూఫ్‌లూ, అదే నమూనా కాపీలు, చేతికిచ్చారు. సాయంత్రంలోగా ఒకటి ఖాయం చేయాలి.

ప్రెస్‌కి దంపతులిద్దరూ వచ్చారు. రాజేశ్వరి గారైతే ఆ చీరని సంచిలో పెట్టుకునే వచ్చారు. మ్యాచింగ్ సెంటర్‌లో జాకెట్టు ముక్క పట్టుకుని బయటికి వచ్చినట్టు, ప్రూఫ్‌లు తీసుకుని తిన్నగా ఎండలోకి నడిచారు. కారు బానెట్ మీద చీర పరిచి, పక్కన రెండూ పెట్టారు. మొదటి దాంట్లో మురళి గారు బాగున్నారు, చీర వెలిసిపోయింది. రెండో దాంట్లో చీర అచ్చంగా చీరలాగే ఉంది, మురళి గారు పచ్చబడ్డారు.

“ఇదేంటి, నాకు కామెర్లు వచ్చినట్టుంది!” అన్నారాయన.

“మీ మొహం అందరూ చూసిందేనండీ. మా తమ్ముడి చీర ఎవరు చూశారు?” అన్నారావిడ.

ప్రెస్ మేనేజర్‌కి తెలుగు రాదు. అయినా సంతకానికి పెన్ను అధ్యక్షుడికీ ఇవ్వలేదు, సంపాదకుడికీ ఇవ్వలేదు. ఆవిడకిచ్చాడు.

రెండో ప్రూఫే ప్రింట్‌కి వెళ్లింది. మీ ఇంట్లో అయితే ఏది వెళ్లేది? మగవాళ్లు నిజం చెప్పాలి.