గోడవైపు వంగిన గోగుమొక్కలు

మా కొత్తవలసలో ఒకావిడకు దెయ్యం పట్టిందని వేపమండలతో కొడుతుంటే, అడ్డం వెళ్ళి "ఇది మలేరియా, మాత్రలు వెయ్యండి" అన్నవాణ్ణి నేను. అప్పటికి నాకు పందొమ్మిదేళ్ళు. ఆవిడకు మాత్రలతోనే తగ్గింది. ఆ తర్వాత కూడా ఇలాంటివి నేను నమ్మింది లేదు. ఇప్పుడు చెప్పబోయే దాంట్లో దెయ్యమూ లేదు, చచ్చిపోయినవాళ్ళూ లేరు. కొన్ని మొక్కలున్నాయి, ఒక గోడ ఉంది. నా కళ్ళతో చూసింది చూసినట్టు చెబుతాను.

అరవయ్యో దశకం చివరి రోజులు. విజయనగరంలో బీయస్సీ పూర్తిచేసి, శ్రీకాకుళానికి కొన్ని మైళ్ళ దూరంలో ఉన్న ఒక గోగు పరిశోధన క్షేత్రంలో టెంపరరీ సహాయకుడిగా చేరాను. గోగు గోంగూర జాతిదే. నారకోసం నిలువెత్తు పెంచుతారు. దానికో గుణముంది. పొద్దు పొడుగ్గా ఉన్నన్నాళ్ళూ ఎదుగుతుంది. చలికాలంలో పొద్దు తగ్గగానే జానెడెత్తున్నా సరే పూత పట్టేస్తుంది, ఇక ఎదగదు. దీపాల వెలుగుతో పొద్దు పొడిగిస్తే ఏమవుతుందో, ఆ దీపం మొక్కకు ఎంత ఎత్తులో ఉండాలో, ఎంత వెలుగు చాలో చూడాలని మా ఆఫీసరుగారి ఆలోచన.

దానికోసం ఒక పాత నార గోదాము ఇచ్చారు. కిటికీలన్నీ ఇటుకలతో మూసేశారు. లోపల పన్నెండు చెక్క ట్రేలలో మొక్కలు. వాటి పైన చెక్క చట్రాలకు బిగించిన ట్యూబులైట్లు. చట్రాలకు తాళ్ళు కట్టి దూలానికున్న కప్పీల మీదుగా వేశారు. తాడు లాగితే దీపం పైకి వెళుతుంది, వదిలితే కిందికి దిగుతుంది.

నా పని అదే. మొక్క ఎదిగిన కొద్దీ దీపాన్ని పైకి లాగడం. మొక్క కొసకీ దీపానికీ మధ్య జానెడు ఖాళీ ఉండాలి. దీపం మరీ దూరమైతే మొక్క వెలుగు కోసం సన్నగా సాగిపోయి కాడ నిలవదు. మరీ దగ్గరైతే ఆకుల అంచులు మాడతాయి. వెలుగు కొలిచే పరికరం మా దగ్గర లేదు. ఆఫీసరుగారు ఒక ఉపాయం చెప్పారు. ట్రే మీద తెల్లకాగితం పెట్టి, పైన చెయ్యి అడ్డం పెట్టాలి. నీడ ముదురుగా, అంచులు తెలిసేలా పడితే వెలుగు బాగున్నట్టు. చెదిరిపోయినట్టు పడితే చాలనట్టు. రోజూ పొద్దున్నా సాయంత్రం కాగితం మీద నా చేతి నీడ చూసుకుని నోటుబుక్కులో రాసేవాణ్ణి.

ఆ గదిలోకి ఇంకెవరూ రాకూడదని ఉత్తరువు. కూలీలంతా అరమైలు దూరంలో పొలాల్లో ఉండేవారు. తెల్లవారుజామున దీపాలు వేసి, రాత్రి ఎనిమిదికి ఆర్పేదాకా నేనొక్కణ్ణే. ట్యూబుల చోకులు రోజంతా తుమ్మెదల్లా రొద చేసేవి. అమ్మ నేను బళ్ళో చదువుతుండగానే పోయింది. నాన్న పోయి రెండేళ్ళు. అన్నయ్య ఇంట్లో నాకంటూ మంచం వేసే చోటు లేదని తెలిశాకే ఈ ఉద్యోగం పట్టుకున్నాను. నాకు ఉత్తరాలు రాసేవాళ్ళెవరూ లేరు. నేనే ఒకటి రెండుసార్లు కార్డు కొని, ఎవరికి రాయాలో తోచక పుస్తకంలో పెట్టేశాను.

నాతో మాట్లాడే మనిషి పైడమ్మ ఒక్కతే. భావనపాడు నుంచి వచ్చిన మనిషి, అరవై దాటుంటాయి. భర్త సముద్రం మీదకెళ్ళి తిరిగి రాలేదట. క్షేత్రంలో ఊడ్చి, నీళ్ళు మోసేది. గోదాము తూర్పుగోడకు ఆనించి వేసిన పాకలో ఉండేది. మధ్యాహ్నం నాకు గంజి, ఎండుచేప తెచ్చి గుమ్మం బయటే పెట్టి పిలిచేది.

"బాబూ, బయట ఇంతెండ ఉన్నాది. ఆ సీకటి గదిలో కూకోని దీపాలేటి పైకీ కిందికీ లాగుతావు?" అని అడిగింది ఒకరోజు.

"ఇది ప్రయోగం పెద్దమ్మా."

"మొక్కలకి సరే. నీకేటి సిచ్చ?" అంది.

నవ్వి గంజి గిన్నె అందుకున్నాను. రోజూ అంతే. రెండు మాటలు మాట్లాడి మళ్ళీ తలుపు వేసుకునేవాణ్ణి. ఆవిడ కాసేపు గుమ్మం దగ్గరే నిలబడేదని అడుగుల చప్పుడును బట్టి తెలిసేది. కూర్చోమని నేనెప్పుడూ అనలేదు.

పుష్యమాసంలో ఒక ఆదివారం వచ్చి చెప్పింది. "బాబూ, రేపు భావనపాడెల్తన్నాను. నా మేనకోడలు నీళ్ళోసుకున్నాది. నాలుగు రోజులుండొస్తాను." సరేనన్నాను. సోమవారం మధ్యాహ్నం గంజి రాలేదు. వెళ్ళిపోయిందనుకుని అటుకులు తిన్నాను.

మంగళవారం పొద్దున దీపాలు వేసి చూస్తే మొక్కలన్నీ వంగి ఉన్నాయి.

పన్నెండు ట్రేలలో ఒక్కటీ మినహాయింపు లేదు. అన్నీ తూర్పుగోడ వైపే. ఎవరో అటు నుంచి పిలిస్తే తలలు తిప్పినట్టు. మొక్క వెలుగు వైపు వంగుతుందని మొదటి ఏడాది వృక్షశాస్త్రంలోనే చదువుకున్నాం. కానీ వెలుగు నెత్తిమీద ఉంది. తూర్పున ఉన్నది మట్టి మెత్తిన రాతిగోడ.

గోడలో ఎక్కడో చిల్లు పడి వెలుతురు వస్తోందనుకున్నాను. ట్రేలన్నీ తూర్పు కొస పడమరకు వచ్చేలా తిప్పి పెట్టాను. ఇప్పుడవి పడమరకు వంగి ఉండాలి. సాయంత్రానికి నిలబడ్డాయి. బుధవారం పొద్దునకి మళ్ళీ తూర్పుకు తిరిగిపోయాయి.

శనివారం ఆఫీసరుగారు తనిఖీకి వస్తున్నారు. వంకర మొక్కలు చూస్తే నా ఉద్యోగం ఆ పూటతో సరి. తిరిగి వెళ్ళడానికి నాకు ఇల్లు లేదు.

ఆ రోజంతా తాళ్ళతోనే సరిపోయింది. దీపాలు ఇంకో జానెడు పైకి లాగాను. మార్పు లేదు. నాలుగు వేళ్ళ దూరానికి దించాను. ఆకుల అంచులు మాడాయి కానీ వంపు పోలేదు. తూర్పు వైపు ట్యూబులు ఆర్పేసి, పడమర పక్కన మొక్కల ఎత్తులోనే వంద క్యాండిళ్ళ బల్బు వేలాడదీశాను. కాగితం మీద నా చేతి నీడ తూర్పుకు నల్లగా, సూటిగా పడింది. వెలుగు పడమర నుంచే వస్తోందని ఇంతకన్నా రుజువు అక్కర్లేదు. మొక్కలు ఆ బల్బుకు వీపు పెట్టి అలాగే ఉన్నాయి.

సాయంత్రం బయట ఇంకా ఎండ ఉండగానే దీపాలన్నీ ఆర్పి, తలుపు మూసి, చీకట్లో గోడంతా తడిమి చూశాను. సూదిమొనంత వెలుతురు లేదు. చోకుల రొద ఆగిపోవడంతో గోడ అవతల ఏదో గీరుతున్న చప్పుడు వినిపించింది. పందికొక్కు అనుకున్నాను. మళ్ళీ దీపాలు వేశాను. ఈ ముక్క రాయడానికి నాకు ఇప్పటికీ చెయ్యి రాదు.

గురువారం పొద్దున మొక్కలు ఇంకా వంగాయి. తూర్పు చివరి ట్రేలోవి గోడకు ఆకులు ఆనించాయి. ఆ ఆకులు ఆనినచోటు నేలకు రెండు జానల ఎత్తు. మిగతా ట్రేల కాడల వంపు గీతపెట్టి చూశాను. ఉత్తరం వైపువి కొంచెం దక్షిణానికి, దక్షిణం వైపువి కొంచెం ఉత్తరానికి ఒరిగి, అన్నీ ఆ ఒక్కచోటికే చూపిస్తున్నాయి. బొమ్మ నోటుబుక్కులో గీశాను.

ఆ చోటు అవతల ఏముందో చూద్దామని బయటికి వచ్చి గోదాము చుట్టూ తిరిగాను. అక్కడున్నది పైడమ్మ పాక. తలుపు మూసుంది. తోస్తే రాలేదు. తాళం లేదు. లోపల గడియ వేసుంది.

ఊరెళ్ళిన మనిషి లోపల గడియ ఎలా వేస్తుంది?

"పెద్దమ్మా!" అని కేక వేశాను. జవాబు లేదు. పక్కనున్న తాటాకు దడి రెండు చేతులా పీకేసి లోపలికి దూరాను.

చాపమీద పడి ఉంది. ముఖం గోడవైపు. ఒక అరచెయ్యి గోడకు ఆనించి ఉంది, నేలకు రెండు జానల ఎత్తున. వేళ్ళ దగ్గర గోడమీది మట్టి గీరుకుపోయి ఉంది. ఒళ్ళు పెనంలా కాలుతోంది. పక్కన నీళ్ళకుండ ఖాళీ. ఊపిరి ఉంది.

పొలంలోకి పరుగెత్తి బండితోలే సింహాచలాన్ని పిలుచుకొచ్చాను.

"ఎల్లిపోనాది అనుకున్నాం గదా బాబూ! నువ్వీ పక్కనే ఉన్నావు, ఇనబళ్ళేదేటి?" అన్నాడతను, ఆవిణ్ణి బండిలోకి ఎత్తుతూ. మామూలుగానే అడిగాడు. నేను తల తిప్పుకున్నాను.

శ్రీకాకుళం ఆసుపత్రిలో డాక్టరు ఊపిరితిత్తులకు నెమ్ము చేసిందన్నాడు. ఇంకొక్క రోజు ఆలస్యమైతే దక్కేది కాదన్నాడు. ఆవిడకు దగ్గర్లో ఎవరూ లేరు కదా, నేనే ఉండిపోయాను. శుక్రవారం సాయంత్రం కళ్ళు తెరిచి మాట్లాడింది. సోమవారం పొద్దున మూట కట్టుకుంటుండగా చలి పట్టుకుందట. కాసేపు పడుకుని లేద్దామనుకుంది. మరి లేవలేకపోయింది.

"పిలవకపోయావా?" అన్నాను.

"పిల్సినాను నాయనా. గొంతు పెగల్లేదు. గోడ గోకినాను." "అవతల నీ కప్పీ కిర్రుకిర్రుమంటా ఉన్నాది. బాబున్నాడు, ఈపాలి వస్తాడు, ఈపాలి వస్తాడు అని అటే సూస్తా పడుకున్నాను."

ఆ మూడు రోజులూ ఆ తాళ్ళు లాగింది నేనే. మా మధ్య ఒక గోడ.

మొక్కల సంగతి చెప్పాను. వాటి మూలానే వచ్చానన్నాను. నీరసంగా నవ్వింది. "మొక్కలకేటి తెలుస్తాది? ఎండ కోసం ఎతుక్కునుంటాయి. నువ్వొచ్చినావు, అదే సాలు."

శనివారం పొద్దున్నే బండిలో క్షేత్రానికి వచ్చాను. గురువారం బండెక్కే ముందు దీపాలు ఆర్పేసి వెళ్ళాను, ఆ తర్వాత వేసిన వాళ్ళు లేరు. చీకట్లో ఉన్న మొక్కలు పాలిపోయి, వాలిపోయి ఉంటాయనుకుంటూ తలుపు తీశాను. రంగు తగ్గిన మాట నిజమే. కానీ పన్నెండు ట్రేలలోనూ మొక్కలు నిటారుగా నిలబడి ఉన్నాయి.

ఆఫీసరుగారు మాడిన ఆకులు చూసి చీవాట్లు పెట్టారు. నోటుబుక్కులో బొమ్మ చూసి, "ట్రేలు ఏటవాలుగా పెట్టుంటావు" అన్నారు. పైడమ్మ సంగతి విన్నాక మెత్తబడి, ఉద్యోగం ఉంచారు. వంపుకు కారణం రాయాల్సిన చోట ఆయన చెప్పినట్టే "వెలుగు సమంగా పడకపోవుట" అని రాసి సంతకం పెట్టాను. అది అబద్ధం.

పైడమ్మ కోలుకుంది. మేనకోడలి మొగుడు వచ్చి భావనపాడు తీసుకెళ్ళిపోయాడు. వెళ్ళే ముందు నా గడ్డం పట్టుకుని, "అన్నం తిను బాబూ" అంది. మళ్ళీ రాలేదు. పాక ఖాళీగా ఉండిపోయింది. మధ్యాహ్నాలు గుమ్మం దగ్గర ఎవరూ పిలిచేవాళ్ళు కారు.

తర్వాత చాలామందిని అడిగాను. జ్వరం వేడి గోడ దాటి తగిలుంటుందని ఒక ప్రొఫెసరుగారన్నారు. మూరెడు మందం రాతిగోడ అది. మొక్కలు వేడికి అలా వంగవని కూడా ఆయనే ఒప్పుకున్నారు. నాకైతే ఈ రోజుకీ అంతు పట్టలేదు.

మాఘంలో మళ్ళీ విత్తనాలు వేశాను. ట్రేలు అవే చోట్ల, దీపాలు అదే ఎత్తున. మొక్కలు జానెడయ్యాక, ఉత్తరువు పక్కన పెట్టి, దీపాలు వేసి ఆర్పే పని మూడు రోజులకు సింహాచలానికి అప్పగించి, ఎవరికీ చెప్పకుండా పైడమ్మ పాకలో చాప వేసుకుని పడుకున్నాను. ముఖం గోడవైపు పెట్టి, అరచెయ్యి రెండు జానల ఎత్తున ఆనించి, రాత్రీ పగలూ అక్కడే ఉన్నాను. గోడ చల్లగా ఉండేది. చోకుల రొద సన్నగా వినిపించేది.

నాలుగోరోజు పొద్దున వెళ్ళి తలుపు తీశాను. మొక్కలన్నీ సూదుల్లా నిటారుగా ఉన్నాయి. నా వైపు ఒక్కటీ వంగలేదు. పన్నెండు ట్రేలూ ఒక్కొక్కటే చూసి, చాప తెచ్చి వాటి మధ్య పరుచుకుని, రాత్రి దీపాలార్పే వేళదాకా అక్కడే కూర్చున్నాను.